పెద్ద డ్రమ్ము పాతదైపోయింది సరే, దాన్ని మార్చేదెవరు?



మాఘమాసంలో ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళు వచ్చాయంటే వాయిద్యాల వాళ్ళకి చేతినిండా పని. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, ఆ తర్వాత వినాయక నిమజ్జనాలు. బందరు రోడ్డు పొడుగునా ఏ ఊళ్ళో చూసినా ఇదే వరస. చెరువుల కాపలాకి, వరి కోతలకి, చెరకు నరకడానికి వెళ్ళే మన కుర్రాళ్ళు చాలామంది సీజన్లో బ్యాండ్ వెనకాల నడుస్తారు. ఒకడు సైడ్ డ్రమ్ము, ఒకడు తాళాలు, భుజబలం ఉన్నవాడు పెద్ద డ్రమ్ము.

ఇప్పుడు ఆ పెద్ద డ్రమ్ముకి కాలం చెల్లుతోంది. నడిచే బ్యాండ్ మేళం తగ్గి, వ్యాను మీద సౌండ్ బాక్సులు పెట్టుకుని వాయించే ప్యాడ్ బ్యాండ్ పెరిగింది. స్టాండు మీద ఆక్టాప్యాడ్, కింద కాలితో తొక్కే కిక్ ప్యాడ్. నలుగురు చేసే పని ఒక్కడు చేస్తున్నాడు. ఆ ఒక్కడు ఎవరంటే ప్యాడ్ కొనగలిగినవాడు, లేదా వాడు పెట్టుకున్న మనిషి. డ్రమ్ము మోసిన కుర్రాడు ఇప్పుడు బాక్సులు ఎక్కించి దించుతున్నాడు. కళాకారుడి కూలి పోయి హమాలీ కూలి మిగిలింది.

దీని మీద మనలో రెండు మాటలు వినబడుతున్నాయి. పెద్దవాళ్ళు "వైరు తగిలించిన డ్రమ్ములో ప్రాణం ఉండదురా" అంటారు. కుర్రాళ్ళు "ఇంకా ఆ పాత డబ్బా ఏంటన్నా, అమ్మేసి ప్యాడ్ కొందాం" అంటారు. నేను రెండిటితోనూ ఏకీభవించను. ఆ పాత డ్రమ్మునే కిక్ ప్యాడ్‌గా మార్చుకోవచ్చు. ఆ పని మన చేతులతో మనమే చేసుకోవాలి. నేను చెప్పేది ఇంతే, అయితే ఇందులో చాలా ఉంది.

ముందు ఆ పని ఏంటో చూద్దాం. తెలియనంతకాలం అది షాపువాడి మంత్రంలాగే కనబడుతుంది.

పీజో అని ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. ఇత్తడి రేకు మీద తెల్లటి సిరామిక్ పూత. అలారం గడియారాల్లో, బజర్లలో కీచుమనేది అదే. దానికి కరెంటు ఇస్తే మోగుతుంది, దాన్ని కొడితే కరెంటు పుట్టిస్తుంది. ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. కొన్ని పదుల రూపాయలకే దొరికే ఆ బిళ్ళే లక్ష రూపాయల ఎలక్ట్రానిక్ డ్రమ్ములో కూడా గుండెకాయ. మెల్లగా కొడితే తక్కువ ఓల్టేజి, గట్టిగా కొడితే ఎక్కువ. ఆ తేడా చూసి మాడ్యూల్ శబ్దాన్ని తగ్గించి, పెంచి పలికిస్తుంది.

ఇక డ్రమ్ము. ఒక వైపు బోల్టులు విప్పి, రింగు తీసి, పాత మూతని జాగ్రత్తగా దాచాలి. లోపల అడ్డంగా ఒక ప్లైవుడ్ పట్టీ బిగించాలి. దానికి కొత్త రంధ్రాలు అక్కర్లేదు, డ్రమ్ముకి ఉన్న బోల్టులకే క్లాంపులు పెట్టి పట్టించొచ్చు. పట్టీ మధ్యలో రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపుతో పీజో బిళ్ళని అతికించి, దాని మీద గట్టి ఫోమ్ దిమ్మ నిలబెట్టాలి. ఆ దిమ్మ డ్రమ్ము అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పైకి ఉండాలి. అప్పుడే పైన బిగించే మూత దాన్ని కాస్త నొక్కి పెడుతుంది. సిరామిక్ నుంచి ఒక వైరు, ఇత్తడి నుంచి ఒక వైరు పావు అంగుళం జాక్ సాకెట్టుకి వెళ్తాయి. సాకెట్టు పెట్టడానికి డ్రమ్ముకి గాలి పోవడానికి ముందే ఉన్న రంధ్రం చాలు. పీజో దగ్గర టంకం పెట్టిన చోట వైరు తొందరగా తెగిపోతుంది కాబట్టి అక్కడ ఒక చుక్క జిగురు వెయ్యాలి.

పాత మూత బదులు మెష్ హెడ్ వెయ్యాలి, అంటే వలలాంటి గుడ్డ మూత. వలలు అల్లే మన వాళ్ళకి అది చూడగానే అర్థమైపోతుంది. కొడితే గాలి అందులోంచి పోతుంది, అందుకే డ్రమ్ము మోగదు. రోలాండ్, రెమో కంపెనీలు కలిసి 1997లో ఈ మెష్ మూతతో ఎలక్ట్రానిక్ డ్రమ్ములు తెచ్చాయి. కొనే ముందు మీ డ్రమ్ము కొలత సరిగ్గా చూసుకోండి, అంగుళం తేడా వచ్చినా కూర్చోదు. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా తిప్పుతూ అన్ని వైపులా ఒకేలా బిగించాలి. లోపల పాత దుప్పటి కుక్కితే మిగిలిన మోత కూడా చచ్చిపోతుంది. పెడల్ సుత్తి తగిలే చోట ఒక ప్యాచ్ అతికిస్తే వల చిరగదు.

మిగతా సంగతి మాడ్యూల్లో ఉంటుంది. ఆక్టాప్యాడ్ ఉంటే దాని వెనకే బయటి ప్యాడ్ తగిలించే జాక్ ఉంటుంది. అందులో సెన్సిటివిటీ, థ్రెషోల్డ్ అని సర్దుకునేవి ఉంటాయి. వ్యాను మీద వాయించేవాళ్ళకి ఇదే ముఖ్యం. పక్కనే బేస్ బాక్సు అదురుతుంటే, బండి గుంతలో పడితే, ఎవరూ తొక్కకుండానే కిక్ మోగుతుంది. థ్రెషోల్డ్ పెంచితే ఆ చిన్న అదుర్లని మాడ్యూల్ పట్టించుకోదు. ఒక్కసారి తొక్కితే రెండుసార్లు మోగుతుంటే మాస్క్ టైం కొంచెం పెంచాలి. ఇంతే. ఇంటర్ చదివిన కుర్రాడు, ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చేసినవాడు ఒక ఆదివారంలో చెయ్యగలిగిన పని.

ఇప్పుడు పెద్దవాళ్ళ మాట దగ్గరికొద్దాం. వైరు తగిలిస్తే ప్రాణం పోతుందా? బ్యాండ్ డ్రమ్ము అసలు మన తాతల వాయిద్యం కాదు. తెల్లవాడి మిలిటరీ బ్యాండ్ నుంచి పెళ్ళి ఊరేగింపులోకి వచ్చింది. దాని మీద తోలు కూడా ఎప్పుడో పోయింది. 1950లలో అమెరికాలో ప్లాస్టిక్ మూతలు వచ్చాయి, 1957లో పెట్టిన రెమో కంపెనీ వాటిని ప్రపంచమంతా అమ్మింది. కాబట్టి బ్యాండ్ డ్రమ్ముకి పీజో పెడితే సంప్రదాయం మైలపడదు. పైగా కాలవ గట్టు మీద పక్కపక్కనే ఉన్న ఇళ్ళ మధ్య హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రిపూట సాధన చేసుకోవచ్చు. పసిపిల్లలు లేవరు, పొద్దున్నే పనికి పోయేవాళ్ళకి నిద్ర చెడదు.

కానీ మన డోలు, మన తుడుం వేరే సంగతి. వాటిని విప్పకండి. సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలు వాయిస్తూ కోయల చరిత్రని, సమ్మక్క సారలమ్మల కథని నోటితో చెప్పినందుకు వచ్చిన గౌరవం అది. ఆ డోలు సంగీత వాయిద్యం మాత్రమే కాదు, మా పుస్తకం. అరకు వైపు ధింసాలో డప్పు, తుడుం, మోరి, కిరిడి, జోడుకొమ్ములు కలిసి మోగుతాయి. వానాకాలం డప్పు సడలితే గడ్డిమంట పెట్టి కాగబెడతారు. ఆ మంట చుట్టూ చేరిన పిల్లలకి వాయిద్యం అక్కడే అబ్బుతుంది. తెలంగాణలో ఆదివాసీ హక్కుల సంఘం పేరు తుడుందెబ్బ. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగలు మొదలుపెట్టిన ఉద్యమం పేరు దండోరా. అణగారిన జనం తమ ఉద్యమానికి పేరు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు వాయిద్యం పేరే పెట్టుకున్నారు. కరెంటు పోయినా, పర్మిషన్ ఇవ్వకపోయినా మోగేది అదొక్కటే కాబట్టి.

పర్మిషన్ మాట వచ్చింది కనుక చెప్తున్నా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మోగించకూడదు. ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మామూలు డ్రమ్ముకి స్పీకర్ అక్కర్లేదు. కిక్ ప్యాడ్‌కి స్పీకర్ లేకపోతే గొంతే లేదు. అంటే డ్రమ్ము మార్చుకున్న రోజు నుంచి మీరు స్టేషన్ గడపకి, బాక్సుల యజమానికి, జనరేటర్ అద్దెకి కట్టుబడతారు. ఇది తెలిసి మార్చుకోండి. అనుమతి కాగితం బ్యాండ్ పేరు మీద తీసుకోండి. సీజ్ చేస్తే పోయేది మన సామాను, యజమాని పెళ్ళివాళ్ళు కాదు.

ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ప్యాడ్ నొక్కితే వచ్చే శబ్దం ఎవరిది? కంపెనీ వాళ్ళు ఎక్కడో స్టూడియోలో రికార్డు చేసింది. మన కిక్ వాళ్ళ శబ్దంతో మోగుతుంది. అటువైపు, మన జాతరల్లో ఫోను పట్టుకుని డోలు దెబ్బ రికార్డు చేసుకుని పోయేవాళ్ళున్నారు. అది ఏదో ఒక డీజే పాటలో కలుస్తుంది, వాయించినవాడి పేరు ఎక్కడా ఉండదు. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో వాయించేవాడికీ, పాడేవాడికీ హక్కు వచ్చింది. ఆ చట్టం ప్రదర్శకులు అనే మాటలో పాములు ఆడించేవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంది. అడగకుండా రికార్డు చెయ్యడం ఆ హక్కుని తొక్కడమే. శాంప్లింగ్ ప్యాడ్‌లో మన శబ్దం మనమే ఎక్కించుకోవచ్చు. ఏ ఊరి డోలు, ఎవరు వాయించారు, ఎప్పుడు అని రాసిపెట్టుకుని, వాయించిన పెద్దాయన ఒప్పుకుంటేనే ఎక్కించాలి. ఉయ్యూరు కుర్రాడు కిక్ తొక్కితే తుడుం మోగిందనుకోండి, అది వేరే లెక్క.

కాబట్టి నేను అడిగేవి మూడు.

ఒకటి, డ్రమ్ముకి కొత్త రంధ్రం పెట్టకుండా మార్చండి, పాత మూత దాచండి. కరెంటు లేని చోట, స్పీకర్ ఒప్పుకోని చోట గంటలో మళ్ళీ మామూలు డ్రమ్ము అయిపోవాలి. పని ఉన్న రోజు ప్యాడ్, ఊరేగింపు రోజు డ్రమ్ము, ఉద్యమం రోజు అసలే డ్రమ్ము.

రెండు, ఒక్కడి పేరు మీద కాకుండా కాలనీలో నలుగురైదుగురు కలిసి మాడ్యూల్ కొనండి. బిళ్ళ చవక, మూత చవక, ఖరీదైంది మాడ్యూలే. అది ఎవరిదైతే బేరం వాడిది. మేకలకి, ఆటోలకి రుణం అడిగినట్టే వాయిద్యాలకీ, దాన్ని బాగుచేసే పనిముట్లకీ ట్రైకార్‌ని రుణం అడగాలి. మైదాన ప్రాంత గిరిజనులం, కృష్ణా జిల్లాలో మనకి ఏజెన్సీ లేదు. అందుకే కొండల్లో మనవాళ్ళకి దొరికే కొద్దిపాటి దృష్టి కూడా మన మీద పడదు. అడిగితేనే వస్తుంది.

మూడు, డప్పు కళాకారులకి రాష్ట్రంలో నెలకి 4000 రూపాయల పెన్షన్ ఉంది. అది పోరాడి సాధించుకున్నది, మంచిదే. మన డోలు, తుడుం వాయించే పెద్దలకి కూడా అదే వరసలో చోటు అడుగుదాం. డప్పు అన్నల పక్కన నిలబడి అడుగుదాం, వాళ్ళకి పోటీగా కాదు.

కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా మనల్ని దాని ముందు కూలీలుగానే నిలబెట్టారు. చేపల చెరువులొస్తే కాపలా కూలీలం, కోత మిషన్ వస్తే గట్టు మీద చూసేవాళ్ళం. ప్యాడ్ వచ్చినప్పుడన్నా ఆ వరస తప్పించుకుందాం. డ్రమ్ము మూత విప్పి లోపల ఏముందో చూసినవాడికి, ఆ వైరు తెగితే తనే టంకం పెట్టుకునేవాడికి, రేటు చెప్పేటప్పుడు గొంతు తగ్గదు.

ఈ సీజన్ అయ్యాక ఏ కాలనీలోనైనా చిరిగిన డ్రమ్ము మూలన పడి ఉంటే అమ్మకండి, ఇనప సామాన్ల వాడికి వెయ్యకండి. నలుగురు కూర్చుని దాన్ని విప్పండి. మార్చాక ఫోటో కాదు, ఎలా మార్చారో రాసి పెట్టండి. ఇంకో కాలనీ నేర్చుకుంటుంది.

జై ఆదివాసీ.