గుర్రానికి మర్యాద నేర్పేదెవరు?

టెక్సాస్‌లో మా గుర్రం ఉండే శాలలో యజమానులు రెండు పార్టీలు. గుర్రం మూతితో నెట్టినా, భుజం కొరికినా "పాపం, ఆడుకుంటోంది" అని క్యారెట్టు పెట్టేవాళ్ళు కొందరు. "దండం దశగుణం" అంటూ కొరడా అందుకునేవాళ్ళు మిగతావాళ్ళు. ఇద్దరూ కలిసే గుర్రాల్ని చెడగొడుతున్నారంటాను నేను.

దాదాపు 500 కిలోల జంతువు మనిషిని తోసెయ్యడం అలవాటు చేసుకుంటే అది ఆటెలా అవుతుంది? అలాగని కొడితే బాగుపడుతుందా? పగ్గం లాగి పట్టుకుని, అది ఒక్క అడుగు వెనక్కి వెయ్యగానే వదులు చెయ్యండి. ఆ వదిలిన క్షణమే దానికి పాఠం. నిమిషం ఆగి కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు, మనిషంటే భయం మాత్రం మిగులుతుంది.

2021లో టోక్యో ఒలింపిక్స్ పెంటాథ్లాన్‌లో సెయింట్ బాయ్ అనే గుర్రం మొరాయిస్తే జర్మన్ కోచ్ పిడికిలితో గుద్దింది. రౌతుకి ఆ గుర్రంతో పరిచయం 20 నిమిషాలే! గుర్రం దారికి రాలేదు, కోచ్‌ని మాత్రం పోటీల నుంచి పంపేశారు.

శాలలో అందరిదీ ఒకే పద్ధతి కావాలి. ఒకరు ముద్దుచేసిన పనికే ఇంకొకరు కొడితే ఏ ప్రాణికైనా బుర్ర చెడుతుంది. "నా గుర్రం, నా ఇష్టం" అంటారా? రేపది కరిచేది మిమ్మల్ని కాదండీ, పొద్దున్నే మేత వేసే పనివాణ్ణి.