గాస్కెట్ మళ్ళీ పోయిందా? ముందు మూత సంగతి చూడండి

కుక్కరు కూత వెయ్యకుండా పక్కల నుంచి ఆవిరి కక్కుతుంటే మనం ఏం చేస్తాం? గాస్కెట్ మారుస్తాం. కొత్తది వేసినా ఆవిరి పోతూనే ఉంటే? మూత అంచు తడిమి చూస్తాం. ఎక్కడైనా సొట్ట పడిందేమో, గిన్నె అంచు వంగిందేమో వెతుకుతాం. అంతేగాని నెలకో కొత్త రబ్బరు కొంటూ కూర్చోం కదా! వంటింట్లో ఇంత తెలివిగా ఉండే ఇల్లు, వాకిట్లో పాత కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి మరిచిపోతుంది. "హెడ్ గాస్కెట్ పోయిందట, వేయిస్తే సరి" అంటారు మగవాళ్ళు. ఆరు నెలలకి మళ్ళీ అదే మాట.

మా రెడ్డిగూడెం వైపు తోటలున్న ఇళ్ళలో కారు షోకు కోసం కాదు. మామిడి కాపు వచ్చిందంటే తోటలో మనుషులకి క్యారేజీలు, నున్న మార్కెట్టుకి తిరుగుళ్ళు, నూజివీడులో పనులు, పెద్దవాళ్ళని బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళడం, అన్నీ దాని మీదే. అది మొరాయిస్తే ఇల్లంతా ఆగిపోతుంది. అందుకే ఈ వారం కాస్త వంటింటి గడప దాటి వాకిట్లోకి వస్తున్నాను.

ఇంతకీ ఏమిటీ గాస్కెట్?

ఇంజను కింది భాగాన్ని బ్లాకు అంటారు, పైన మూతలా కూర్చునేదాన్ని హెడ్ అంటారు. ఈ రెండింటి మధ్య పలచటి రేకులాంటిది ఒకటి ఉంటుంది. అదే హెడ్ గాస్కెట్. లోపల మండే పెట్రోలు ఒత్తిడి బయటికి పోకుండా, నీళ్ళ దారిలో నీళ్ళు, ఆయిలు దారిలో ఆయిలు ఉండేటట్లు కాపలా కాసేది అదే.

ఆ కాపలా తప్పితే గుర్తులు ఇలా ఉంటాయి. రేడియేటర్లో నీళ్ళు రోజూ తగ్గుతాయి, కింద మాత్రం చుక్క కనబడదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఆయిలు మూత తీస్తే కవ్వానికి అంటిన వెన్నలా తెల్లటి జిగురు కనబడుతుంది. రేడియేటర్లో బుడగలు లేస్తాయి. అయితే చలికాలం పొద్దున్నే కాసేపు పొగ వస్తే కంగారు పడకండి, అది మామూలే.

ఎందుకు మళ్ళీ మళ్ళీ పోతుంది?

చాలాసార్లు గాస్కెట్ తనంతట తాను చెడిపోదు. ఇంజను విపరీతంగా వేడెక్కితే పోతుంది. పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజనుకి హెడ్ కూడా పోత ఇనుముదే. మారుతి 800 లాంటి తర్వాతి కార్లకి అల్యూమినియం హెడ్‌లు వచ్చాయి. తేలిక, వేడిని త్వరగా వదులుతుంది, మంచిదే. కానీ ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే సుమారు రెండింతలు సాగుతుంది. పాత కార్లు చాలావాటిలో కింద ఉండే బ్లాకు ఇనుముది. రెండూ బోల్టులతో బిగించి ఉంటాయి. ఒకసారి గట్టిగా వేడెక్కిందా, హెడ్ వంగిపోతుంది.

వంగడమంటే కంటికి కనబడేది కాదండోయ్. చిన్న కార్ల హెడ్‌కి హద్దు 0.05 మిల్లీమీటర్ల దగ్గర పెడతారు. అంటే ఓ సన్నటి తలవెంట్రుక మందం! దానికే గాస్కెట్ పట్టు తప్పుతుంది. ఆ వంపు తియ్యకుండా కొత్త గాస్కెట్ వేస్తే సొట్ట మూతకి కొత్త రబ్బరు వేసినట్టే.

అసలు వేడెక్కడానికి కారణం ఇంకోటి ఉంటుంది. రేడియేటర్ పూడిపోవచ్చు, ఫ్యాను తిరక్కపోవచ్చు, నీళ్ళ పంపు అరిగిపోవచ్చు, థర్మోస్టాట్ పట్టేసి ఉండొచ్చు. రేడియేటర్ మూతనీ తక్కువ చెయ్యకండి. అది మన కుక్కరు వెయిట్ చేసే పనే చేస్తుంది. ఒత్తిడి నిలబెట్టి, 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీటిని 120 డిగ్రీల దగ్గరి దాకా మరగనివ్వదు. దాని రబ్బరు ఎండిపోతే నీళ్ళు ముందే మరుగుతాయి.

మా ఇంట్లో సంగతి

మాది చేతులు మారి వచ్చిన కారు. ఏడాదిన్నరలో మూడుసార్లు గాస్కెట్ పోయింది. మొదటి రెండుసార్లు దగ్గర్లోని షెడ్డులో వేయించారు. మూడోసారి మే నెల ఎండలో, మా అత్తయ్యని బెజవాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, మైలవరం దాటకముందే సూది ఎర్రగీత మీదికి పోయింది. ఆవిడకి డెబ్బై అయిదేళ్ళు. ఆటో దొరికేదాకా గంటసేపు వేపచెట్టు కింద కూర్చోబెట్టాం. డాక్టరుగారు వెళ్ళిపోయారు.

ఆ ఏడు గాలివానకి రసాలు సగం నేల రాలాయి. చేతిలో డబ్బు లేదు. మావారు "ఇంకోసారి వేయించేద్దాం, ఎంతవుతుంది!" అన్నారు. పాత బిల్లులు రెండూ తీసి ముందు పెట్టాను. కలిపితే 14,500 రూపాయలు. "ఇందులో ఎందుకు పోయిందో ఎక్కడైనా రాశారా?" అని అడిగాను. ఆయన మాట్లాడలేదు.

కారుని బెజవాడ ఆటోనగర్‌కి లాగించాం. అక్కడి పెద్దాయన హెడ్ దించి, దాని మీద ఉక్కు స్కేలు ఆనించి, కింద నుంచి సన్నటి రేకు దూర్చాడు. అది సాఫీగా దూరిపోయింది. "ఇటు రండమ్మా, ఈ సందులోంచే పోతోంది మీ డబ్బు" అన్నాడు. రేడియేటర్ విప్పితే గొట్టాలు సగం పూడిపోయి ఉన్నాయి. మన నీళ్ళ కాగు అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసిన ఫలితం.

హెడ్‌ని లేతు మీద చదును చేయించి, పగుళ్ళు లేవని పరీక్ష చేయించి, రేడియేటర్, పంపు మార్పించేసరికి 19,000 అయింది. పాత రెండు బిల్లులకన్నా ఎక్కువే. కానీ ఆ తర్వాత రెండు మామిడి కాపులు గడిచాయి, సూది సగం దాటలేదు.

షెడ్డులో ఇవి అడగండి

1. గాస్కెట్ ఎందుకు పోయింది? కారణం చెప్పాకే కొత్తది వెయ్యమనండి.
2. హెడ్, బ్లాకు రెండింటి చదునూ స్కేలు పెట్టి చూశారా? మీ కళ్ళముందే చూపించమనండి.
3. హెడ్‌కి పగుళ్ళ కోసం ప్రెషర్ పరీక్ష చేయించారా?
4. బోల్టులు టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన వరసలో, విడతలుగా బిగిస్తున్నారా? చేతి అంచనా పనికిరాదు. కొన్ని కార్లకి బోల్టులు కూడా కొత్తవే వెయ్యాలి.
5. రేడియేటర్, మూత, ఫ్యాను, పంపు, థర్మోస్టాట్ చూశారా? థర్మోస్టాట్ పీకి పారేస్తామంటే ఒప్పుకోకండి.
6. పాత గాస్కెట్ ఇంటికి ఇమ్మనండి. ఎక్కడ కాలిందో దాని మీదే తెలుస్తుంది.

దారిలో సూది ఎక్కితే

ఏసీ ఆపేయండి. హీటర్ ఉంటే పూర్తిగా తిప్పండి, ఇంజను వేడి కొంత లాగుతుంది. పక్కకి ఆపి ఇంజను కట్టేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకునే ఆ రెండు కిలోమీటర్లలోనే హెడ్ వంగేది. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, మొహం కాలిపోతుంది. కాలుతున్న ఇంజనులో చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. పసుపు పోస్తే కారడం ఆగుతుందనే డ్రైవర్ల చిట్కా ఉంది. అది రేడియేటర్ చిల్లుకి తాత్కాలికం, గాస్కెట్‌కి మందు కాదు.

ఉంచాలా, అమ్మాలా?

హెడ్ పగిలినా, బ్లాకే వంగినా ఆగి లెక్క వేసుకోండి. హెడ్‌ని చదును చెయ్యడానికీ హద్దుంది, ప్రతిసారీ పలచబడుతుంది. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. కారు 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి, ఆ ఫీజు 2022 నుంచి బాగా పెరిగింది. ఇవన్నీ కలిపి రాసుకుని, కారు ధరతో పోల్చి చూడండి. అమ్మదలచుకుంటే ఉన్న లోపం చెప్పి అమ్మండి. కొనేవాళ్ళింట్లోనూ ఓ అత్తయ్య ఉంటుంది.

ఉంచుకుంటే వారానికోసారి, పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్ళూ ఆయిలూ చూడండి. బోరు నీళ్ళు వద్దు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలిపి పొయ్యండి, కలిపి అమ్మేదైతే అలాగే పొయ్యండి. ఒక్క జాగ్రత్త: కూలెంట్ రంగుగా, తియ్యగా ఉంటుంది, కానీ విషం. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెట్టకండి. పిల్లలకీ, వాకిట్లో కుక్కకీ అందని అటక మీద పెట్టండి.