చలి కంటే తడే చేటు!

డిసెంబరు వచ్చిందంటే విస్సన్నపేట చుట్టుపక్కల తెల్లవారే తీరే వేరు. మామిడితోటల మీద మంచు విడకముందే పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్లు, పేపర్లు వేసే కుర్రాళ్ల సైకిళ్లు రోడ్డెక్కేస్తాయి. కాస్త పొద్దెక్కాక పుట్రేల, కలగర, తెల్లదేవరపల్లి లాంటి ఊళ్ల నుంచి బడిపిల్లలు బయల్దేరతారు. అమ్మలు ఊరుకుంటారా? లావుపాటి స్వెట్టరు తొడిగి, మెడకు మఫ్లరు చుట్టి, మంకీక్యాపు తగిలించి మరీ పంపుతారు. బాగానే ఉంటుంది.. చినుకు పడనంతవరకూ!

చలికాలంలో వానేమిటి అంటారా? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా? బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మనకు చలి, వాన, గాలి మూడూ కలిసే వస్తాయి. అలాంటి రోజున లావు స్వెట్టరు ఒక్కటే మనల్ని కాపాడలేదు.

ఎందుకంటే.. మన ఒంటిని వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్టలో చిక్కుకున్న గాలి. ఆ గాలి స్థానంలోకి నీళ్లు చేరాయనుకోండి, కథ తిరగబడుతుంది. గాలి కంటే నీరు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. పైగా సైకిలు తొక్కేవాళ్లకు బయట గాలి లేకపోయినా ఎదురుగాలి తప్పదు. తడిబట్ట, ఎదురుగాలి కలిస్తే ఒణుకు ఖాయం.

ఇందుకు సైకిల్ పందేల చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. 1988 జూన్ 5న ఇటలీలో జరిగే ‘జిరో డి ఇటాలియా’ పందెం 2,600 మీటర్లకు పైగా ఎత్తున్న గావియా కనుమ మీదుగా సాగింది. అక్కడ మంచు తుపాను విరుచుకుపడింది. పొట్టిచేతుల చొక్కాతో అందరికంటే ముందు శిఖరం చేరిన వాన్ డెర్ వెల్డె, దిగేటప్పుడు చలికి తట్టుకోలేక ఆగిపోయాడు. చివరికి విజేత కంటే ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా గమ్యం చేరాడు. ఉన్నిటోపీ, డైవర్లు వాడే రకం గ్లౌజులతో ముందే సిద్ధపడి వచ్చిన అమెరికా కుర్రాడు ఆండీ హాంప్‌స్టెన్ ఆ రోజే ఆధిక్యంలోకి వచ్చి, ఆ ఏటి పందెమే గెలిచాడు.

మనకంత మంచు పడదు. కానీ సూత్రం ఒక్కటే. మూడు పొరలు గుర్తుపెట్టుకోండి. ఒంటికి ఆనుకుని పల్చటి పాలిస్టర్ టీషర్టు. నూలు బనియను చెమటనీ వాననీ పీల్చుకుని అంత త్వరగా ఆరదు. దానిమీద ఉన్ని స్వెట్టరు. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. వానలో గొర్రెలు కాసే పెద్దాయన గొంగళి కప్పుకునేది అందుకే. అన్నిటికంటే పైన గాలినీ నీటినీ ఆపే రెయిన్‌కోటు. ఎత్తు ఎక్కేటప్పుడు మెడ దగ్గర కాస్త గుండీ విప్పమనండి. లేకపోతే వానకు తడవకపోయినా లోపల చెమటకు తడుస్తారు.

రెయిన్‌కోటు కింద ఎదురుగాలి ఇంకా గుచ్చుతోందా? ఈ పేపరే మడిచి చొక్కా లోపల, ఛాతీ మీద పెట్టుకోండి. నవ్వకండి! టూర్ డి ఫ్రాన్స్‌లో కొండలు దిగే మొనగాళ్లు ఎన్నో ఏళ్లు చేసిన పని ఇదే.

ఇక అసలు జాగ్రత్త చేతులది. వేళ్లు కొంకర్లుపోతే బ్రేకు నొక్కలేరు. అసలే రిమ్ము తడిస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. రెండూ కలిస్తే ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఏమవుతుందో వేరే చెప్పాలా? పల్చటి గ్లౌజులు, వాటిమీద గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేస్తే చాలు. వేళ్లు సులువుగా కదులుతున్నాయో లేదో ఇంట్లోనే చూడండి. ఆగాల్సిన చోటుకు ముందు నుంచే బ్రేకును కొద్దికొద్దిగా నొక్కుతూ రిమ్ము మీది నీటిని తుడవడం అలవాటు చేయండి. కాళ్లకు మేజోడు మీద ప్లాస్టిక్ కవరు చుట్టి బూటు వేస్తే పాదాలు తడవవు.

వెచ్చదనం కోసం చుట్టినవే ప్రాణం మీదికి తేకూడదు. వేలాడే మఫ్లరు, చున్నీ, రెయిన్‌కోటు అంచు చక్రంలో చిక్కుకుంటే పడేస్తాయి. అన్నీ లోపలికి దోపి, ముడివేసి పంపండి. మంకీక్యాపు చెవులు మూస్తే వెనక హారన్ సరిగ్గా వినపడదు. గొడుగు పట్టుకుని ఒంటిచేత్తో తొక్కడం అసలే వద్దు. రెయిన్‌కోటు కొనేటప్పుడు నలుపు, ముదురు నీలం కాకుండా పసుపో నారింజో ఎంచుకోండి. మసక వెలుతురులో డ్రైవరుకు దూరం నుంచే కనిపిస్తుంది.

ఒక బనియను, మేజోళ్లు, చిన్న తువ్వాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పుస్తకాల సంచిలో పెట్టండి. బడికి చేరగానే తడివి మార్చుకోమనండి. దారిలో ఒణుకు ఆగకపోయినా, మాట తడబడినా, వేళ్లు పట్టు తప్పినా సైకిలు దిగి ఏదో ఒక చూరు కింద ఆగమనండి. బడికి పది నిమిషాలు ఆలస్యమైతే టీచరుగారికి మీరే చెప్పుకోవచ్చు. పిల్లలు క్షేమంగా చేరడమే కదా మనకు కావాల్సింది!