అరోవానా తొట్టి దాటితే

సిల్వర్ అరోవానా అమెజాన్ చేప. వరద నీట మునిగిన అడవుల్లో కొమ్మల మీది పురుగులను ఎగిరి అందుకోవడం దాని పుట్టుక గుణం. ఇంట్లో అద్దాల తొట్టిలో పెట్టినా ఆ గుణం పోదు. ఒక్కసారిగా లైటు వెలిగినా, ఎవరైనా అద్దాన్ని తట్టినా మూత సందులోంచి ఎగిరి నేల మీద పడుతుంది. పెద్ద చేపలు పెంచే ఇళ్లలో అందరూ భయపడవలసిన ప్రమాదం ఇదే.

పడిన చేపను పొడి చేతులతో ముట్టకూడదు. దానికి రోగాల నుంచి కాపు ఒంటి మీది జిగురు పొర. పొడి గుడ్డ తగిలితే అది ఊడిపోతుంది. తడి తువ్వాలుతో కళ్లు కప్పితే గింజుకోవడం తగ్గుతుంది. అప్పుడు తల కింద ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి వేసి అడ్డంగా ఎత్తాలి. తోక పట్టి వేలాడదీస్తే వెన్ను దెబ్బతింటుంది. మొప్పల్లో వేళ్లు పెట్టరాదు. కంగారులో చాలామంది కుళాయి నీళ్ల బకెట్ వెతుకుతారు. అందులోని క్లోరిన్ మొప్పలను కాల్చేస్తుంది కనుక చేపను దాని తొట్టిలోకే వదలాలి. మొప్పలు ఆడుతున్నంతసేపూ ఆశ ఉన్నట్టే. అది ఒరిగిపోతుంటే నిలబెట్టి పట్టుకుని, నోటికి ఎదురుగా తొట్టి పంపు ధార తగిలేలా చూడాలి. వెనక్కి లాగితే మొప్పల్లో నీరు ఎదురు తిరుగుతుంది. కోలుకున్నాక లైట్లు ఆర్పి, ఒకరోజు మేత ఆపాలి.

కరెంటు పోవడం అంతకన్నా మోసకారి ఆపద. పంపు ఆగితే నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో కరిగేది ఏడున్నరే. పైగా వేడిలో చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. వేసవి కోతలు అందుకే ప్రాణం తీస్తాయి. అరోవానా మామూలుగానే పైపైన తిరుగుతుంది కాబట్టి పైకి తేలడాన్ని గుర్తుగా తీసుకోలేం, మొప్పలు కొట్టుకునే వేగాన్ని చూడాలి. బ్యాటరీ పంపు లేకపోతే తొట్టి నీటినే చెంబుతో ముంచి ఎత్తు నుంచి పోస్తూ ఉండాలి. గంటల తరబడి ఆగిన ఫిల్టర్‌ను కడగకుండా తిరిగి నడిపితే అందులో కుళ్లిన నీరంతా తొట్టిలోకి చేరుతుంది.

చేప డీలాపడగానే మనుషుల యాంటీబయాటిక్ క్యాప్సూళ్లు విప్పి నీళ్లలో పోసే అలవాటు మానాలి. అమ్మోనియాను విరగ్గొట్టే మేలు బాక్టీరియా ఆ మందుతో చచ్చిపోవచ్చు, ఆ పైన చేప తన విసర్జనతోనే విషమెక్కి పోతుంది. ముందుగా అమ్మోనియా పరీక్ష చేసి, యాంటీ క్లోరిన్ కలిపిన నీటితో మూడోవంతు మార్చడం మేలైన చికిత్స.

చేపలను చూసే పశువైద్యులు మన ఊళ్లలో అరుదు, కాబట్టి జాగ్రత్త కొనేటప్పుడే మొదలవాలి. అదృష్టం తెస్తుందని అరచేతంత పిల్లను అంటగట్టే దుకాణదారు, అది మూడడుగుల దాకా పెరిగే చేప అని కొనేవారికి చెప్పి తీరాలి. కొనేవారు కూడా ముందు బరువైన మూత, బ్యాటరీ పంపు ఇంటికి తెచ్చుకుని, ఆ తర్వాతే చేపను తేవాలి.