ఆటలో వంతు, ఆదాయములో వంతు

ఒక చేతితో చప్పట్లు మ్రోగవని పెద్దలందురు. ఒక జట్టుతో పోటీ సాగదని మేమందుము. ఎంతటి మేటి జట్టైనను, ఎదుట నిలిచి ఆడువారు లేనిచో మైదానమున ఒంటరిగా బంతిని తన్నుకొనవలసినదే. జనులు టిక్కెట్టు కొని వచ్చునది ఇరుజట్ల ఆటను చూచుటకు. అట్లయినపుడు ఫుట్‌బాల్ ఆటవలన వచ్చు సొమ్ములో అధికభాగము కొన్ని పెద్ద క్లబ్బులకే చేరి, చిన్న క్లబ్బులు అప్పులలో మునుగుట న్యాయమా యని మేము ప్రశ్నించుచున్నాము.

పంపకమనగా నేమో మా పరగోడు ప్రాంతము వారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఇది వానలు తక్కువైన సీమ. చెరువు క్రింది సేద్యమున నీరుగంటి యను వాడుండి, తూము దగ్గరి మడికిని, కాలువ చివరి మడికిని వంతుల ప్రకారము నీరు పారించుట పూర్వమునుండి వచ్చిన మర్యాద. తూము దగ్గర పొలమున్నవాడు బలవంతుడని నీరంతయు అతనికే విడిచినచో చివరి మడి ఎండును. మడి ఎండినవాడు మరుసటి యేడు కాలువ పూడిక తీయుటకు రాడు. అపుడు మొదటి మడికిని నష్టమే. ఫుట్‌బాల్ లోకమున నేడు జరుగుచున్నది ఇదియే.

ఈ ఆటకు పుట్టినిల్లయిన ఇంగ్లండును చూడుడు. అచ్చటి లీగులో 1983 వరకు టిక్కెట్ల రాబడిలో కొంతభాగము అతిథి జట్టునకు ఇచ్చెడివారు. ఆ యేడు ఆ పద్ధతి తొలగి, ఎవరి మైదానపు రాబడి వారిదే అయ్యెను. 1992లో అగ్రశ్రేణి క్లబ్బులు విడివడి ప్రీమియర్ లీగును స్థాపించుకొని, టెలివిజన్ సొమ్మును తామే అమ్ముకొనసాగెను. వింత యేమనగా, తమలో తాము పంచుకొనునపుడు వారు ధర్మము నెరిగినవారే. స్వదేశ ప్రసారముల సొమ్ములో సగము అందరికిని సమానము. నాలుగవ వంతు పట్టికలోని స్థానమును బట్టి. తక్కిన నాలుగవ వంతు ప్రసారమైన పోటీల సంఖ్యను బట్టి. కాని ఆ ధర్మము గడప దాటలేదు. క్రింది శ్రేణులకు దిగివచ్చునది స్వల్పభాగము మాత్రమే.

దీని ఫలితమును బరీ యను చిన్న పట్టణపు క్లబ్బు చరిత్ర చెప్పును. 1885లో పుట్టిన ఈ క్లబ్బు 1903 నాటి ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీలో 6–0 గోల్సుతో గెలిచి రికార్డు నెలకొల్పెను. 2019 మే నెలలో ధనికులైన మాంచెస్టర్ సిటీ వారు అదే 6–0 గెలుపుతో ఆ రికార్డును సమానము చేసిరి. ఆ యేటనే ఆగస్టు నెలలో బరీ క్లబ్బు అప్పులు తీర్చు దారి చూపలేక ఫుట్‌బాల్ లీగునుండి బహిష్కరింపబడెను!

మన తెలుగునాట సంగతి యేమి? హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆ నగరపు బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందినది. నాటి పోలీసు ఆటగానికి కొలువు ఉండెను. జీతమునకు లోటు లేదు. నేడో? 2019లో వెలసిన హైదరాబాదు ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయ్యెను. రెండేండ్లు తిరుగకముందే జీతములందక ఆటగాండ్రు విడిచిపోయిరి; 2023–24లో జట్టు అట్టడుగున నిలిచెను. 2025లో క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది.

పై శ్రేణి విజేతకే ఈ గతియైనచో క్రిందివారి మాట చెప్పవలెనా? 2014లో సూపర్ లీగ్ ఆరంభమైనది మొదలు 2022 వరకు, ఐ-లీగులో ప్రథమస్థానము పొందినను ఆ గెలుపు బలముతో పైకి పోవుటకు వీలు లేకుండెను. 2023లో పంజాబు క్లబ్బుతో ఆ తలుపు తెరచుకొన్నది. అదియు ప్రథమునకు మాత్రమే. హైదరాబాదునకు చెందిన శ్రీనిధి డెక్కన్ జట్టు 2022–23లోను, 2023–24లోను రెండవ స్థానమున నిలిచి క్రిందనే యుండిపోయినది. అంతకు పూర్వమే, మొదటి జాతీయ లీగును గెలిచిన జె.సి.టి. జట్టు 2011లో మూతపడినది.

“జనులను రప్పించువారే ధనము పొందవలెను గదా” యని కొందరందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. గెలిచినవారికి అధికభాగ మిచ్చుటను మేము కాదనము. యజమానుల దుబారా వలనను క్లబ్బులు చెడుచున్నవనుటయు సత్యమే. అందుచేత పంపకముతో పాటు లెక్కలును కావలెను. ప్రతి క్లబ్బు తన జమాఖర్చులను బహిరంగపరచవలెను. ఆటగాండ్ర జీతములకు హామీ చూపిన పిమ్మటనే పోటీలకు అనుమతి నీయవలెను. ప్రసారపు సొమ్ములో క్రింది శ్రేణుల భాగము దయాదానముగా గాక నియమముగా నుండవలెను. క్లబ్బులపై స్వతంత్ర పర్యవేక్షణకై బ్రిటిష్ పార్లమెంటు 2025 జులైలో చట్టమునే చేసినది. మన దేశమున 2010లో కుదిరిన పదునైదేండ్ల వాణిజ్యహక్కుల ఒప్పందము 2025 డిసెంబరుతో ముగిసినది. క్రొత్త ఏర్పాటులలోనైనను చివరి మడిని మరువరాదు.

పెద్దలకు నీతులు చెప్పి మేము ఊరకుండుట తగదు. మన పల్లెలలో జరుగు పోటీలలో ప్రతి జట్టు ప్రవేశరుసుము చెల్లించును, బహుమానమంతయు గెలిచినవారిదే. దూరపు పల్లెవారు ఓడి, బస్సు ఛార్జీలకు చేతిసొమ్ము పెట్టుకొని పోవుదురు. మరుసటి యేడు వారు రాకున్న “వారికి ఉత్సాహము లేద”ని అందుము. ఇకనైనను వసూలైన రుసుములో కొంత దూరపు జట్ల ప్రయాణమునకు తీసి యుంచుదము. రాష్ట్రపు అంచున, వేరు భాషలో చదువుకొనుచున్న మనకు చివరివాని కష్టము ఒకరు చెప్పవలెనా? మొదటి వంతు మన చేతికి వచ్చిననాడు దానిని మరువకుందుము గాక.