జల్లెడలో చిక్కిన జాబులు

మన సంఘసభ్యులలో ననేకులకు నేడు ఈ-మెయిలు చిరునామా కలదు. ఖాతా తండ్రి పేరను, జాబులు కొమారుని ఫోనునకును వచ్చుట జల్‌పల్లి ప్రాంతమున సాధారణమైన యేర్పాటు. ఇట్లే మన సభ్యుడొకనికి పంటఋణము తీర్చవలసిన గడువును దెలుపుచు బ్యాంకినుండి జాబు వచ్చినది. ఎవ్వరును జూడలేదు. గడువు దాటిన పిమ్మట కొమారుడు వెదకగా, స్పాము అనెడి పెట్టెలో, లాటరీ బహుమానముల నడుమ నది పడియుండెను.

మూడు లక్షలకు లోబడిన పంటఋణముపై వడ్డీ నూటికి 7; గడువులోపల దీర్చినవారికి 3 తగ్గి 4 మాత్రమే పడును. లక్ష రూపాయల ఋణమున నేడాదికి 3,000 రూపాయల భేదము. ఈ మొత్తము మన యిండ్లలో నెట్టిదో చదువరులకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

అక్కఱలేని జాబుల బెడద క్రొత్తది కాదు. 1978 మే నెలలో అమెరికాయందు గారీ థూర్క్ అను నుద్యోగి తన కంపెనీ కంప్యూటర్ల ప్రదర్శనమునకు రమ్మని యించుమించు 400 మందికి నొకే జాబు పంపెను. అందుకొన్నవారు మండిపడిరి, సరకు మాత్రము బాగుగ నమ్ముడుపోయెనని యాయన చెప్పుకొనెను. లాభమున్నంతకాలము ఇట్టి పని యాగునా? మన వైపున 2008లో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడినది మొదలు ప్లాట్లమ్మువారి సందడి హెచ్చినది. నిన్న మనము దున్నిన చేనినే నేడు గజముల లెక్కన మనకే యమ్మజూపు జాబులును గలవు!

ఈ చెత్తను వేఱుచేయుటకే వడపోత యేర్పడినది. 2002లో పాల్ గ్రాహం వ్రాసిన వ్యాసముచే మిక్కిలి ప్రచారమునకు వచ్చిన పద్ధతి యిది: మంచి జాబులలో నే మాట యెన్నిసార్లు వచ్చినది, చెడ్డవానిలో నెన్నిసార్లు వచ్చినది యని యంత్రము లెక్కించి, క్రొత్త జాబు ఏ కుప్పకు జెందునో యూహించును. ఇప్పుడు పంపువాని చిరునామా నిజమైనదా, పూర్వము వాని జాబుల నెందఱు త్రోసివేసిరి యనునదియు జూచుచున్నారు. మన యాడువారు చేటతో జెఱుగునపుడు తాలు ఎగిరిపోవును, గింజ నిలుచును; అయినను గాలి గట్టిగ వీచిన గింజయు తాలులో గలియును గదా. ఇక్కడి చిక్కు మఱియు గడ్డు. రూపాయలు, ఖాతా, గడువు, వెంటనే యను మాటలు బ్యాంకి జాబునను గలవు. బ్యాంకి వేషము వేసిన దొంగ జాబునను గలవు. జీమెయిలులో నైతే స్పాము పెట్టెలోనిది 30 దినములకు దానంతట నదే మాసిపోవును.

యంత్రమునే నిందించుట న్యాయము కాదని నా యభిప్రాయము. మనమును దానికి దప్పు నేర్పుచున్నాము. ప్రతి పండుగకును శుభాకాంక్షలు, ప్రతి సన్మానమునకును ఛాయాపటములు సంఘముల పేర వచ్చుచుండగా, విసిగిన సభ్యుడు స్పాము అను మీటను నొక్కును. అట్లు పదిమంది నొక్కిన తరువాత మహాసభ నోటీసు సైత మా పెట్టెలోనికే పోవచ్చును. నాన్నా పులి యని యూరక కేకవేసిన పిల్లవాని కథ మనకు దెలియనిదా? 2024 ఫిబ్రవరి మొదలు దినమునకు 5,000కు మించి జాబులు పంపువారిపై గూగులు నిబంధనలు పెట్టినది; వేయి జాబులలో మూడింటిపై ఫిర్యాదు వచ్చినను సహింపదు. మన సంఘ మంత పెద్దది గాకున్నను, ఆ కొలబద్ద మనకును దగినదే.

డప్పు వేయించిన చాలునని కొందఱు పెద్ద లనుచున్నారు. డప్పుపై నాకును గౌరవమే. కాని పొలము ఇక్కడను, కాపురము పట్నమునను గల సభ్యునకు ఆ మ్రోత యెట్లు వినవచ్చును?

కావున కార్యవర్గమువారు శుభాకాంక్షలను మానవలెను. ఒకే చిరునామానుండి, నెలకొక జాబునకు మించకుండ, అది కోరినవారికి మాత్రమే పంపవలెను. గడువులకు సంబంధించిన నోటీసు కార్యాలయపు గోడపైనను అంటింపవలెను. సభ్యులు సంఘపు చిరునామాను ఫోనులో భద్రపఱచుకొని, వారమున కొకసారి స్పాము పెట్టెను దెఱచి చూడవలెను. చూచుట మాత్రమే సుమా. అందలి లంకెల నొక్కరాదు. బ్యాంకి జాబుగ దోచినచో బ్యాంకికే పోయి యడుగవలెను. పి.ఎం. కిసాన్ వారి 2,000 రూపాయల వాయిదా పేర వాట్సాపున వచ్చు ఏ.పి.కె. దస్త్రములను అసలే తెఱువరాదు. వాని నీ జల్లెడ పట్టదు. సొమ్ము పోయినయెడల సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

వచ్చు మహాసభలో నే నీ తీర్మానమును బ్రతిపాదింపదలచితిని. సభ్యులు తమ ఫోనులను, వీలైన తమ కొమారులను గూడ వెంటబెట్టుకొని రావలయునని ప్రార్థన.