ఇంగ్లీషు టీచర్‌కు ఆసియాలో కొలువు: అడ్డం పడుతున్నది భాష కాదు, కాగితాలు

"డీఎస్సీ ఎప్పుడు?" అన్న పాత ప్రశ్న పక్కన ఈ మధ్య కొత్త ప్రశ్న వచ్చి చేరింది: "థాయిలాండ్‌లో టీచర్ పోస్టు నిజమేనా?" ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ చేసిన మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో కొరియా, వియత్నాం, మాల్దీవుల పేర్లు ఇప్పుడు మామూలుగా వినబడుతున్నాయి. ఇది విదేశీ మోజు అని కొట్టిపారేసేవాళ్లు ఒకసారి లెక్క చూడాలి. తెలంగాణలో 2017 టీఆర్‌టీ తర్వాత మళ్లీ టీచర్ల భర్తీ జరిగింది 2024లో, 11,062 పోస్టులతో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మెగా డీఎస్సీ 2025లో, 16,347 పోస్టులతో. ఒక్కోచోట దాదాపు ఏడేళ్ల ఖాళీ. ఈలోపు బీఈడీ చేసినవాళ్లు ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతాలకు పనిచేశారు. కరోనా వచ్చినప్పుడు ఆ జీతం కూడా ఆగిపోయింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించిందంటే, పాఠం చెప్పేవాడి బతుకు ఎక్కడికి దిగజారిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంగ్లీషుతో మనకున్న సంబంధం వేరు. సావిత్రిబాయి కాలం నుంచీ ఈ భాష మనకు ఫ్యాషన్ కాదు, తలుపు. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో చంద్రభాన్ ప్రసాద్ 'ఇంగ్లీషు దేవత' గుడి తలపెడితే నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. కంచ ఐలయ్య ఏళ్ల తరబడి ఇంగ్లీషు మీడియం కోసం వాదిస్తే తెలుగు ద్రోహి అన్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో తెచ్చినప్పుడు మాతృభాష మీద కన్నీళ్లు పెట్టినవాళ్లలో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో చదివారో నేను వేరే అడగను. ఆ జీవోను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి తన బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. ఈ గొడవంతా దాటుకుని, గురుకులాల్లోనో, డిగ్రీ హాస్టళ్లలోనో ఉండి ఇంగ్లీషు నేర్చి, దాన్నే బోధించే అర్హత సంపాదించిన తరం ఒకటి ఇప్పుడు బయటికి వచ్చింది. చాలా ఇళ్లలో వీళ్లే మొదటి టీచర్లు. వీళ్లకు ఆసియా బజారు ఏం చెబుతోందో చూద్దాం.

మొదటి మాట: నీ ఇంగ్లీషు ఎంత బాగున్నా, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది? దక్షిణ కొరియాలో భాషా బోధకులకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. డిగ్రీ ఏ సబ్జెక్టులో చేశావన్నది పెద్దగా పట్టించుకోరు. అంటే వాణిజ్యశాస్త్రం చదివిన ఇరవై రెండేళ్ల కెనడా కుర్రాడు అర్హుడు. హైదరాబాద్ ఇఫ్లూలో ఇంగ్లీషు బోధనలో పీజీ డిప్లొమా చేసి, ఐదేళ్లు పాఠాలు చెప్పిన మాదిగ అమ్మాయి ఆ జాబితాలో లేదు. పుట్టుకతో వచ్చిన అర్హత ముందు సంపాదించిన అర్హత నిలవకపోవడం మనకు కొత్త కాదు కాబట్టి దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు సిద్ధాంతం అక్కర్లేదు. అయినా సిద్ధాంతం కూడా ఉంది. 'స్థానిక వక్త అయితేనే మంచి టీచర్' అన్నది వట్టి భ్రమ అని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే రాశాడు. అంతకు ముందే బ్రజ్ కాచ్రూ ఇంగ్లీషు ప్రపంచాన్ని వలయాలుగా గీసి, భారతదేశాన్ని లోపలి వలయం బయట పెట్టాడు. ఆయన ఉద్దేశం భారతీయ ఇంగ్లీషుకు గౌరవం తేవడం. వీసా ఆఫీసులకు మాత్రం లోపల, బయట అన్న తేడా ఒక్కటే అర్థమైంది.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సందు ఉంది. భారత్, కొరియాల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, అందరూ సెపా అంటారు, 2009 ఆగస్టులో సంతకమై 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో భారతీయ నిపుణులకు తెరిచిన వృత్తుల జాబితాలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లీషు సహాయ టీచర్లు కూడా ఉన్నారు. డిగ్రీ, ఇంగ్లీషు బోధనలో టీచర్ అర్హత ఉంటే మన బీఈడీ వాళ్లు దీని కింద అడగొచ్చు. ఇది బడులకే, హగ్వాన్ అని పిలిచే ప్రైవేటు ట్యూషన్ సెంటర్లకు కాదు. కొరియాలో ఎక్కువ ఖాళీలు ఉండేది ఆ సెంటర్లలోనే కాబట్టి సందు ఇరుకే. కానీ ఒప్పందం అమల్లోకి వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని కొరియా విద్యాశాఖల దగ్గరికి వెళ్లి, మా దగ్గర ఇంతమంది అర్హులున్నారని మన రాష్ట్రాల నుంచి గట్టిగా అడిగినవాళ్లు ఎవరు? సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసమైతే మంత్రుల బృందాలు సియోల్ వెళ్లొస్తాయి.

జపాన్ సంగతి ఇంకో రకం. అక్కడ 'ఇన్‌స్ట్రక్టర్' వీసా మీద విదేశీ భాష బోధించే కొన్ని కొలువులకు, ఆ భాషలో కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలన్న నిబంధన ఉంది. పాస్‌పోర్టు రంగు అడగడం కంటే ఇది మేలే. కానీ ఈ 12 ఏళ్ల లెక్క మన దగ్గరికి వచ్చేసరికి కులం లెక్క అవుతుంది. కాన్వెంటులో ఎల్‌కేజీ నుంచి చదివినవాడికి ఆలోచించాల్సిన పనే లేదు. గురుకులంలో ఐదో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లకు ఇంటర్ దాకా ఎనిమిదేళ్లు, డిగ్రీ మూడు, ఎం.ఏ. రెండు, మొత్తం పదమూడు. గట్టెక్కుతుంది. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, ఆ తర్వాత అంతా ఇంగ్లీషులోనే చదివినవాడికి ఇంటర్, డిగ్రీ, ఎం.ఏ., బీఈడీ కలిపినా తొమ్మిదే. అతని ఇంగ్లీషు ఎలా ఉందని ఎవరూ అడగరు. 2019 జీవో మీద నడిచిన చర్చలో ఈ లెక్క ఒక్క సంపాదకీయంలోనూ నాకు కనబడలేదు.

థాయిలాండ్ తలుపు కొంచెం తెరిచి ఉంటుంది. స్థానిక వక్తలు కాని టీచర్లు టోయిక్ లాంటి పరీక్షలో స్కోరు చూపించాలి. నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, పని పర్మిట్, అక్కడి టీచర్ల కౌన్సిల్ లైసెన్సు లేదా తాత్కాలిక అనుమతి, ఈ మూడూ ఉండాలి. మన బీఈడీకి నిజంగా విలువ ఉన్న చోటు ఇది. విద్యాశాస్త్రంలో డిగ్రీ లేనివాళ్లు తాత్కాలిక అనుమతుల మీద నెట్టుకొస్తుంటారు. ఫిలిప్పీన్స్ టీచర్లు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. అదే బడిలో అదే పాఠానికి తెల్ల టీచర్ కంటే తక్కువ జీతం తీసుకుంటారు. మనవాళ్లు చేరేది ఆ రెండో వరుసలోనే అని తెలిసి వెళ్లడం మంచిది. దరఖాస్తుతో పాటు ఫొటో ఎందుకు అడుగుతారో కూడా అప్పుడు అర్థమవుతుంది. వియత్నాంలో డిగ్రీ, బోధనా సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్స్ కావాలి. చైనాలో 2021 జూలైలో వచ్చిన 'రెండు భారాల తగ్గింపు' విధానంతో ట్యూషన్ పరిశ్రమే కూలిపోయింది. అక్కడ ఇంకా లక్షల ఖాళీలున్నాయని ఎవరైనా చెబితే వాళ్లు పాత కరపత్రం చదువుతున్నారని అర్థం.

మనవాళ్లు ఎప్పటినుంచో నిజంగా వెళ్తున్నది మాల్దీవులకు, గల్ఫ్‌కు. మాల్దీవుల్లో బడి ఇంగ్లీషు మీడియమే, భారతీయ టీచర్లు అక్కడ కొత్త కాదు. వేసే దీవి మాత్రం ఎంత చిన్నదో, రాజధాని మాలేకి ఎంత దూరమో ముందే అడగాలి. గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ బడులు బీఈడీ అడుగుతాయి. కానీ అక్కడ ఒక కిటుకు ఉంది. భర్త వీసా మీద ఇప్పటికే ఆ దేశంలో ఉన్న మహిళలనే చాలా బడులు ఇష్టపడతాయి. వీసా ఖర్చు, ఇంటి ఖర్చు బడికి తప్పుతాయి. ఇంజనీరు భార్యకు దొరికేది, కూలీ కూతురికి దొరకదు. ఖాళీ ఉందన్న కబురు కూడా పేపర్లో రాదు. చుట్టం చెప్పాలి, ఊరివాడు చెప్పాలి, ఇక్కడి నుంచి వెళ్లి స్థిరపడ్డ సంఘంవాడు చెప్పాలి. ఆ సంఘం పేరు కులమని వేరే చెప్పాలా?

ఇంత చెప్పాక కూడా, నా పరిశోధనలో భాగంగా మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయింది ఇంగ్లీషు దగ్గర కాదు, వీసా దగ్గర కూడా కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్ల దగ్గర. చాలా దేశాలకు డిగ్రీకి ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తర్వాత దేశాన్ని బట్టి విదేశాంగ శాఖ అపోస్టిల్ గానీ ధ్రువీకరణ గానీ కావాలి. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము 50 రూపాయలే. మధ్యవర్తులు వేలల్లో గుంజుతారు, అది సరే. అసలు ఒరిజినల్ చేతిలో ఉంటే కదా! ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు మన పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటున్నాయి. బాకీ ఉన్నది ప్రభుత్వం, తాకట్టు పెట్టబడింది ఎస్సీ విద్యార్థి చదువు. ఈ దేశంలో ఉద్యోగానికైతే జిరాక్సుతో, బతిమాలి నాలుగు నెలలు నెట్టొచ్చు. అపోస్టిల్‌కు జిరాక్సు చెల్లదు. అప్పు చేసి ఫీజు తామే కట్టి సర్టిఫికెట్ విడిపించుకున్నవాళ్లు ఉన్నారు. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి తర్వాత వచ్చినా వాళ్ల చేతికి తిరిగి రావడం అంత తేలిక కాదు.

తర్వాతది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు రాసిన పేరు ఒకటి, చర్చిలో పెట్టి ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని మన పల్లెల్లో ఈ రెండు పేర్ల బతుకు ఎంత మామూలో తెలిసిందే. విదేశీ బడికి ఈ కథంతా చెప్పలేం. అఫిడవిట్లు, గెజిట్, ఆధార్ సవరణ అంటూ ఆరు నెలలు పోతాయి, ఈలోపు విద్యా సంవత్సరం మొదలైపోతుంది.

ఇంకా బరువైనది పోలీసు క్లియరెన్స్. ఊళ్లో గొడవ జరిగి మనవాళ్లు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడితే, మర్నాటికే అవతలివాళ్ల కౌంటర్ కేసు తయారుగా ఉంటుంది. అందులో చదువుకున్న కుర్రాడి పేరు ముందు ఉంటుంది, ఎందుకంటే ఆగేది అతని భవిష్యత్తే కనుక. రాజీకి ఒప్పించే ఆయుధం అదే. యూనివర్సిటీల్లో గొంతెత్తినవాళ్లదీ ఇదే పరిస్థితి. 2016 మార్చి 22న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాతికమంది విద్యార్థులను, ఇద్దరు అధ్యాపకులను అరెస్టు చేసినప్పుడు మనం బెయిలు గురించి మాట్లాడుకున్నాం. కేసు నడుస్తున్నన్నాళ్లూ పాస్‌పోర్టు, క్లియరెన్స్ అన్నీ ప్రశ్నార్థకమే అన్న సంగతి ఆ తర్వాత మెల్లగా తెలుస్తుంది.

ఇన్ని గేట్లు ఉన్నచోట ఏజెంటు పుట్టకుండా ఉండడు. వలస చట్టం కింద లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. మనవాళ్ల దగ్గర అడుగుతున్నది లక్షల్లో. పదో తరగతి పాసైనవాళ్లకు వలస క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి, గల్ఫ్‌కు వెళ్లే నిరక్షరాస్య కూలీ కాంట్రాక్టునైనా ప్రభుత్వం చూస్తుంది కానీ, టీచర్ కాంట్రాక్టును చూసేవాళ్లు లేరు. థాయిలాండ్ 2023 నవంబరులో భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చి, 2024 జూలైలో దాన్ని 60 రోజులకు పెంచాక ఏజెంట్లకు పని మరింత సులువైంది: ముందు టూరిస్టుగా రండి, అక్కడ పర్మిట్ చేయిస్తాం అంటారు. టూరిస్టు ప్రవేశం మీద పాఠం చెప్పడం నేరం; పట్టుబడితే బడి తప్పించుకుంటుంది, టీచర్ కేసులో పడతారు. అంతకంటే ఘోరం కూడా ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన యువకులను కంబోడియా సైబర్ మోసాల డెన్‌లకు అమ్మిన సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఇంటర్వ్యూలో ఒక్క పాఠమైనా చెప్పించకుండా ఉద్యోగం ఖాయం చేసిన 'బడి'ని అనుమానించాల్సిందే. బడి పేరుతో ఆఫర్ లెటర్, ఆ బడే పెట్టే వీసా దరఖాస్తు లేకుండా విమానం ఎక్కకూడదు.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయంటే, చదువుకు మాత్రం పథకాలు ఉన్నాయి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, కేంద్రంలో జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. విదేశంలో చదవడానికి సాయం ఉంది, చదివిన చదువుతో విదేశంలో పనికి వెళ్లడానికి లేదు. ఐఈఎల్‌టీఎస్ ఫీజే 17 వేలు దాటింది. సెల్టా లాంటి మంచి సర్టిఫికెట్ కోర్సు లక్ష దాటుతుంది. ధ్రువీకరణలు, టికెట్టు, మొదటి నెల అద్దె వేరే. ఎస్సీ కార్పొరేషన్ ఆటోకు, గేదెలకు రుణమిస్తుంది. ఈ ఖర్చుకు ఏ పద్దు కింద అడగాలో అక్కడి అధికారికే తెలియదు.

తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అని విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. నర్సులను జర్మనీకి, జపాన్‌కు పంపడానికి టామ్‌కామ్ భాష నేర్పిస్తోంది. టీచర్లకు కూడా ఆ పని చేయమని అడగడం అత్యాశేం కాదు. సెపా కింద కొరియా బడులతో, థాయ్, మాల్దీవుల విద్యాశాఖలతో నేరుగా మాట్లాడి, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థుల ఖర్చు ఉప ప్రణాళిక నిధుల నుంచి భరించవచ్చు. డబ్బు అక్కర్లేని పనులు రెండున్నాయి. రీయింబర్స్‌మెంట్ బకాయి ఉన్నా ఒరిజినల్ ఆపకూడదని కాలేజీలకు గట్టి ఆదేశం ఇచ్చి, ఆపినవాళ్ల మీద చర్య తీసుకోవడం ఒకటి. గురుకులాల్లో, సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియంలో చదివిన ప్రతి ఒక్కరికీ ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా ఆ మీడియంలో చదివారో రాసి ఇచ్చే సర్టిఫికెట్ టీసీతో పాటే ఇవ్వడం రెండోది. ఈ ఏడాది ఇంటర్ పాసై గురుకులం గేటు దాటుతున్న పిల్లల నుంచే అది మొదలుపెట్టొచ్చు.